చేతికి తగిన బ్యాటు

నల్లగొండ జిల్లాలో తాటిచెట్టు కనబడని ఊరు అరుదు. అందువల్ల ఆ జిల్లాలో పుట్టి పెరిగిన నావంటివారు మొట్టమొదట పట్టిన క్రికెట్టు బ్యాటు తాటిమట్టయే. ఎండిన మట్టను తెచ్చి, ఆకును నరికివేసి, రెండంచులా రంపపు పళ్లవలె ఉండే నల్లని కరుకులను కత్తితో చెక్కివేస్తే బ్యాటు సిద్ధమైనట్లే. మొదలు వెడల్పుగా ఉంటుంది. అది బంతిని కొట్టే పలక. పోనుపోను సన్నబడి పిడికిట ఇముడుతుంది, అది పిడి. ఖర్చు లేదు. విరిగితే విచారమూ లేదు.

ఆ మట్టలను మేము ఎంచుకొన్న తీరును ఇప్పుడు తలచుకొంటే నాకొక సంగతి స్ఫురిస్తున్నది. నాలుగైదు మట్టలు ముందు పడవేసినప్పుడు ప్రతి పిల్లవాడూ ఒక్కొక్కదానిని ఎత్తి చూచేవాడు, గాలిలో ఒకసారి విసరేవాడు, బరువనిపిస్తే పారవేసేవాడు. చివరకు తన చేతికి ఒదిగినదానిని తీసుకొని పోయేవాడు. ఎవరి మట్ట వారిదే. ఒకరిది మరొకరికి నచ్చేది కాదు. అదే పిల్లవాడు పట్నంలో దుకాణానికి పోయి కొయ్య బ్యాటు కొనే నాటికి ఆ తెలివి ఎక్కడికో పోతుంది. బ్యాటు మీద ఏ మహావీరుని పేరు అతికించి ఉన్నదో చూస్తాడు. తండ్రి ధర చూస్తాడు. చేతిని చూచేవారు ఉండరు.

నేనే ఇందుకు సాక్షిని. నాకు పన్నెండవ ఏడు నడుస్తున్నప్పుడు, ఉపాధ్యాయుడైన మా నాయన తన జీతంలో చెప్పుకోదగిన భాగం వెచ్చించి సికిందరాబాదులో ఒక దుకాణంలో నాకు బ్యాటు కొనిపెట్టినారు. దుకాణదారు చిన్నవి తీయనే లేదు. “ఎదిగే పిల్లగాడు సారూ, పెద్దదే కొనుండ్రి, మల్ల మల్ల కొంటమా?” అన్నాడు. మాట న్యాయంగానే తోచినది. పెద్దవారి కొలత బ్యాటును భుజాన వేసుకొని, బస్సులో అందరూ చూడవలెనని ఒళ్లో పెట్టుకొని, ఊరికి వచ్చినాను. ఆ బ్యాటు నాకంటె బలమైనది. దానిని నిటారుగా లేపలేక అడ్డంగా ఊపడం అలవాటైనది. కింది చేయి పిడి అడుగుకు జారి, పై చేయి పని మానివేసినది. రెండేండ్ల తరువాత నా ఒడ్డూ పొడుగూ ఆ బ్యాటుకు సరిపోయినవి గాని, బంతిని బౌలరు మీదుగా నేరుగా కొట్టే విద్య మాత్రం నాకు మరి పట్టుబడలేదు. ఆటగాడు కావలెననుకొన్నవాడను, ఆట గురించి మైకు ముందు మాట్లాడేవాడనైనాను. నింద అంతా బ్యాటు మీద మోపడం లేదు. కొంత మాత్రం మోపుతున్నాను.

బ్యాటు కథ చదివినకొద్దీ తెలిసేదేమనగా, దాని రూపాన్ని నిర్ణయించినది అలంకారం కాదు, వీరుల పేర్లు కాదు. ఎదుట నుండి వచ్చే బంతి, కాలికింది నేల, పట్టుకొన్న చేయి — ఈ మూడే. క్రికెట్టు తొలినాళ్లలో ఇంగ్లండులో బౌలరు బంతిని నేలమీద దొర్లించేవాడు. దొర్లివచ్చే బంతిని కొట్టడానికి నిటారు పలకతో పని లేదు. అందువల్ల అప్పటి బ్యాటు నేటి హాకీ కర్రవలె అడుగున వంకర తిరిగి ఉండేది. 1729 నాటి బ్యాటొకటి లండనులోని ఓవల్ మైదానంలో నేటికీ భద్రంగా ఉన్నది. 1760 ప్రాంతంలో బౌలర్లు బంతిని గాలిలోకి వదలి, నేలకు తాకించి, పైకి లేపడం నేర్చినారు. బంతి లేచేసరికి వంకర కర్ర ఓడిపోయినది, బ్యాటు నిటారైనది. ఈ మార్పులో హాంబుల్డన్ గ్రామపు జట్టుకు చెందిన జాన్ స్మాల్ అనే ఆయన చేయి పెద్దదని చెబుతారు. ఆయన వృత్తి చెప్పులు కుట్టడం. తరువాత బ్యాట్లు, బంతులు చేసి అమ్మినాడు. తాను చేసిన బ్యాటుతో తానే ఆడినాడు. 1775లో ఒక ఆటలో 136 పరుగులు తీసినాడు. తన చేతి కొలత ఎరిగి తానే బ్యాటు చెక్కుకొన్నవానికి ఆ మాత్రం ఫలం దక్కడంలో వింత లేదు.

హాంబుల్డన్ జట్టు మీదికే 1771 సెప్టెంబరు 23న థామస్ వైట్ అనే ఆటగాడు వికెట్టంత వెడల్పైన బ్యాటుతో వచ్చి నిలబడినాడు. బంతి వికెట్టును తాకే దారే లేకుండాపోయినది. ఆయన కొంటెతనానికి చేసినాడో, నిజంగానే గెలుపు కొరకు చేసినాడో గాని, హాంబుల్డన్ వారు నవ్వి ఊరుకోలేదు. రెండు దినాలలోనే, బ్యాటు వెడల్పు 4¼ అంగుళాలకు మించరాదని కాగితం వ్రాసి సంతకాలు చేసినారు. 1774లో అది ఆట నిబంధనలలో చేరినది. రెండున్నర శతాబ్దాలు గడచినవి, రాజ్యాలు మారినవి, ఆ 4¼ అంగుళాలు మాత్రం మారలేదు. పొడవు 38 అంగుళాలకు మించరాదని 1835లో నిర్ణయించినారు. 1979 డిసెంబరులో పెర్త్ నగరంలో ఆస్ట్రేలియా బౌలరు డెన్నిస్ లిల్లీ అల్యూమినియం బ్యాటుతో దిగినప్పుడు ఇంగ్లండు నాయకుడు బ్రియర్లీ బంతి చెడిపోతున్నదని ఆక్షేపించినాడు. పెద్ద రగడ జరిగి లిల్లీ బ్యాటును మైదానంలో విసరివేసినాడు. ఆ తరువాత పలక కొయ్యతో చేసినదై ఉండవలెనని నిబంధన వచ్చినది. ఇక 2017 అక్టోబరు నుండి మందానికి కూడ హద్దు పెట్టినారు: నడుమ 67 మిల్లీమీటర్లు, అంచున 40 మిల్లీమీటర్లు.

మన దక్కను పీఠభూమికి ఈ ఆట సికిందరాబాదు దండు ప్రదేశంలోని ఆంగ్ల సైనికులతో వచ్చినది. 1930 తరువాత నవాబు మొయినుద్దౌలా పేరిట నెలకొన్న బంగారు కప్పు పోటీలు సికిందరాబాదు మైదానాన్ని దేశమంతటికీ పరిచయం చేసినవి. విజయనగరం మహారాజకుమారుడు 1930-31లో హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి మహామహులను ఇంగ్లండు నుండి రప్పించి దేశమంతా ఆడించినాడు. వెస్టిండీసు వీరుడు లియరీ కాన్‌స్టంటైన్ 1934లో బంగారు కప్పు కొరకు ఇక్కడికి వచ్చి ఆడినాడు. 1937-38 రంజీ పోటీ చివరి ఆటలో నవానగరు జట్టు మీద హైదరాబాదు ఒకే ఒక వికెట్టు మిగిలి ఉండగా నెగ్గినది. చివరివరకు నిలిచి 137 పరుగులు చేసినవాడు ఎదుల్జీ ఐబారా. ఇవన్నీ పట్నపు ముచ్చట్లు. అప్పటి నల్లగొండ, మహబూబ్‌నగరు పల్లెల్లో పిల్లల ఆట చిర్రగోనె. చేత కర్ర పట్టి, గాలిలోకి లేచినదానిని కొట్టే ఆ ఆటకు అలవాటైన చేతికి క్రికెట్టు బొత్తిగా కొత్తది కాలేదు.

బ్యాటు పేరు చెప్పగానే తెలుగువారు తలచుకొనవలసినవాడు కొఠారి కనకయ్య నాయుడు. ఆయన తెలుగు కుటుంబంలో 1895 అక్టోబరు 31న నాగపురంలో జన్మించినాడు. ఆరడుగులకు మించిన విగ్రహం. 1926 డిసెంబరు 1న బొంబాయి జింఖానా మైదానంలో గిలిగన్ నాయకత్వాన వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద హిందూ జట్టు తరపున ఆడి, 116 నిమిషాలలో 153 పరుగులు తీసినాడు. అందులో 11 సిక్సర్లు. ఆ ఇన్నింగ్సుకు మెచ్చి ఎం.సి.సి. వారు ఆయనకు వెండి బ్యాటు బహూకరించినారు. 1932 జూన్ 25న లార్డ్స్ మైదానంలో భారతదేశపు తొలి టెస్టుకు ఆయనే నాయకుడు. ఆ వేసవి పర్యటనలో మొత్తం 32 సిక్సర్లు కొట్టినాడని లెక్క. నాయుడుగారి ఎత్తుకు, పొడవైన చేతులకు, ముందుకు దూకి బంతిని నేలనుండి లేవనెత్తే ఆ పద్ధతికి ఏ బ్యాటు తగునో అది వేరు. ఆయన ఆటను అనుకరించబోయే ఐదడుగుల పిల్లవానికి తగేది వేరు. వెండి బ్యాటు అద్దాల పెట్టెలో పెట్టుకొని చూచుకొనడానికి. కొయ్య బ్యాటు ఎవరిది వారికే.

కొయ్య సంగతి కొంచెం విపులంగా చెప్పవలెను. మా ఊరి వడ్లాయన మా కొరకు తుమ్మచెక్కతో ఒక బ్యాటు చేసిపెట్టినాడు. తుమ్మ నాగలికి దిట్టమైన కొయ్య. అయితే నాగలికి గుణమైనదే బ్యాటుకు దోషమైనది. అది బంతిని తాకగానే మోచేతి దాకా జిల్లుమనేది. రెండు ఓవర్లు ఆడితే చేతులు పడిపోయేవి. టేకు కూడ బ్యాటుకు బరువే. బ్యాటుకు కావలసినది తేలికగా ఉండి, దెబ్బకు చీలిపోక, కొద్దిగా లోపలికి అణగి మరల బంతిని తిప్పికొట్టగల కొయ్య. ఆ గుణం తెల్ల విల్లో అనే చెట్టులో ఉన్నది. అది చలిదేశపు చెట్టు, నీటివాలున పెరుగుతుంది. ఇంగ్లండులో ఎసెక్స్, సఫోక్ ప్రాంతాలలో పదిహేను ఇరవై ఏండ్లు పెంచి నరుకుతారు. ముక్కలుగా చీల్చి, ఆరబెట్టి, పలక ముఖాన్ని యంత్రపు రోలరుతో అదుముతారు. అదిమినందువల్ల పైపొర గట్టిపడుతుంది. లోపలి కొయ్య మెత్తగానే ఉంటుంది. బలమంతా ఈ రెంటి పొత్తులో ఉన్నది. పిడి మాత్రం విల్లోది కాదు, బెత్తపుది. దెబ్బ అదురు చేతికి ఎక్కకుండా బెత్తపు పొరల నడుమ రబ్బరు పెట్టి, పలకలోకి సూదిగా దించి జిగురుతో అతుకుతారు.

మనదేశంలో విల్లోకు పుట్టినిల్లు కాశ్మీరం. శ్రీనగరు నుండి జమ్మూకు వచ్చే దారిలో అనంతనాగ్ జిల్లా సంగం, బిజ్‌బెహారా ప్రాంతాలలో బాటకు ఇరుప్రక్కలా విల్లో చెక్కలు గోడలవలె పేర్చి ఎండబెట్టి ఉంటవి. దేశవిభజనకు ముందు ఆటవస్తువులకు పేరుపడినది సియాల్‌కోట. 1947లో అక్కడి నుండి తరలివచ్చిన హిందూ, సిక్కు పనివారు జలంధరులోను, మీరటులోను తమ పని మరల మొదలుపెట్టినారు. నేడు మన దుకాణాలలోని బ్యాట్లలో అధికభాగం ఆ రెండూళ్లవీ, కాశ్మీరానివీ. కాశ్మీరు కొయ్య ఇంగ్లండు కొయ్యకంటె కొంత బరువు, కొంత గట్టి, ధర ఎంతో తక్కువ. దానిని చిన్నచూపు చూచేవారు కలరు. 2021లో జరిగిన టి20 ప్రపంచకప్పులో ఒమన్ ఆటగాళ్లు కాశ్మీరు బ్యాట్లతోనే దిగినారు. మొదటిసారి తోలు బంతితో ఆడబోయే పిల్లవానికి మంచి కాశ్మీరు బ్యాటు చాలునని నా అభిప్రాయం. ఇంగ్లండు కొయ్య కొనేవారు పలక మీది గీతలను చూస్తారు. దగ్గరదగ్గరగా ఎక్కువ గీతలుంటే బంతి త్వరగా ఎగురుతుంది, ఆయుర్దాయం తక్కువ. ఎడంగా తక్కువ గీతలుంటే నిదానంగా పదునెక్కి ఎక్కువకాలం మన్నుతుంది. నెలనెలా కొత్త బ్యాటు దొరికేవానికి మొదటిది, ఒక్క బ్యాటుతో మూడేండ్లు గడపవలసినవానికి రెండవది.

బరువు విషయంలో జనానికి ఉన్నంత భ్రమ మరి దేనిలోనూ లేదు. డాన్ బ్రాడ్మన్ ఆడిన బ్యాటు బరువు సుమారు 2 పౌండ్ల 2 ఔన్సులు, అనగా ఇంచుమించు 965 గ్రాములు. సచిన్ టెండూల్కరు బ్యాటు 3 పౌండ్లకు పైమాటే. ఒకటి ఒప్పు, రెండవది తప్పు అనడానికి వీలున్నదా? బ్రాడ్మన్ బంతిని ఆలస్యంగా, పాదాల కదలికతో, మణికట్టుతో ఆడినాడు. టెండూల్కరు బ్యాటును ఎక్కువ ఊపక, దాని బరువునే బంతి మీదికి పంపినాడు. మన హైదరాబాదు వారి సంప్రదాయం చాలవరకు మణికట్టుది. జయసింహ, అజహరుద్దీన్, లక్ష్మణ్ — ఈ ముగ్గురూ వేర్వేరు తరాలవారు. అయినా ఆఫ్ స్టంపు వెలుపలి బంతిని ఆన్ వైపుకు మళ్లించే ఆ చేతివాటం ఒకే ఇంటి పోలికవలె ఉంటుంది. 2001 మార్చిలో కలకత్తాలో లక్ష్మణ్ తీసిన 281 పరుగులను మా ఊళ్లో రేడియో చుట్టూ కూర్చుండి విన్నాము. వార్న్ బంతిని ఒకసారి కవర్స్ వైపు, మరొకసారి మిడ్‌వికెట్టు వైపు పంపుతున్నాడని వ్యాఖ్యాత చెప్పినప్పుడు, కనులు మూసుకొని ఆ మణికట్టును చూచినాము. చివరి క్షణంలో బ్యాటు ముఖం తిప్పవలసిన ఇటువంటి ఆటకు, ఎత్తితే ముందుకు తూలిపడే బ్యాటు శత్రువు.

ఇక్కడ బరువు వేరు, తూనిక వేరు అని గ్రహించవలెను. తక్కెడలో ఒకే బరువు తూగిన రెండు బ్యాట్లు చేతిలో ఒకే విధంగా ఉండవు. పలకలో లావంతా అడుగున ఉన్నది చేతికి బరువనిపిస్తుంది. నడుమ ఉన్నది తేలికనిపిస్తుంది. దీనికి పరీక్ష సులభం. పై చేయి ఒక్కదానితో — కుడిచేతి ఆటగానికి ఎడమచేయి — పిడి పట్టుకొని బ్యాటును ముందుకు నిటారుగా లేపి కొద్ది క్షణాలు నిలపవలెను. మణికట్టు వంగిపోయినా, మోచేయి ప్రక్కకు పోయినా ఆ బ్యాటు వద్దు. పన్నెండేండ్లనాడు ఎవరైనా నాచేత ఈ ఒక్క పని చేయించి ఉంటే ఎంత బాగుండేది!

ఆ లావు ఎక్కడ ఉండవలెనన్నది నేలను బట్టి ఉంటుంది. మన మెట్టజిల్లాలది ఎర్రచల్కా నేల, రాతినేల. పచ్చికతో చదునైన పిచ్చి అందరికీ అందుబాటులో లేదు. కొబ్బరిపీచు చాప పరచి ఆడితే బంతి జోరుగా నడుమెత్తు దాకా లేస్తుంది; వట్టి మట్టి మీద ఆడితే చీలమండ దగ్గరకు జారుతుంది. చాప మీద ఆడేవారు, వెనుకకు జరిగి కట్, పుల్ కొట్టేవారు లావు కొంచెం పైగా ఉన్న పలకను ఎంచుకొనవలెను. మట్టి మీద ఆడేవారికి, ముందుకు వచ్చి డ్రైవ్ చేసేవారికి లావు అడుగున ఉండవలెను. 1955 నవంబరులో ఫతే మైదానంలో హైదరాబాదు తొలి టెస్టు జరిగినప్పుడు ఉమ్రీగర్ 223 పరుగులు తీసి భారతదేశానికి తొలి డబుల్ సెంచరీ సంపాదించినాడు. ఆ పిచ్చి మీద ఆడిన బ్యాటును మా ఊరి చెరువుకట్ట కింది బీటినేల మీదికి తెస్తే ఏమి ఆడేదో ఎవరు చెప్పగలరు? రోజంతా టెన్నిసు బంతితోనే ఆడేవారికి ఖరీదైన ఇంగ్లండు కొయ్యతో పనే లేదు.

కొన్న తరువాతి సంగతి ఒకటి మా జిల్లావారు తప్పక వినవలెను. నల్లగొండ, మహబూబ్‌నగరు ఒకప్పుడు ఆముదపు పంటకు పేరుపడిన జిల్లాలు. ఇప్పుడు పత్తి వచ్చి ఆ చేలను చాలవరకు ఆక్రమించినది. ఇంట ఆముదం ఉన్నది గదా అని బండి ఇరుసుకు పూసినట్లు బ్యాటుకు పట్టించడం మా పిల్లల అలవాటు. కొత్త బ్యాటుకు నూనె కావలసిన మాట నిజమే గాని, ఆ నూనె అవిసెగింజలది. అది గాలి తగిలి ఆరి, పలుచని పొరగా గట్టిపడుతుంది. ఆముదం ఎన్నటికీ ఆరదు. కొయ్యలో ఇంకి మెత్తబరచి బరువెక్కించి, దుమ్మునంతా పిలుచుకొంటుంది. అవిసె నూనెను కూడ గుడ్డతో పలుచగా రెండు మూడు మార్లు పూసి, పిడి అతుకు దగ్గర తాకనీయకుండా, పలకను పడుకోబెట్టి ఆరనీయవలెను. తరువాత చెక్కసుత్తితో ముఖాన్నీ అంచులనూ మెల్లగా మొదలుపెట్టి గంటల తరబడి కొట్టవలెను. ఆ ఓపిక లేక మొదటి దినమే కొత్త బంతికి ఎదురొడ్డి అంచు చీల్చుకొన్న బ్యాట్లు నేనెన్నో చూచినాను.

పాలమూరులో ఉద్యోగం చేస్తున్న మా అన్నగారి కుమారునికి ఇటీవల పదకొండు నిండినవి. వాడు అక్కడి మైదానంలో చాప మీద ఆట నేర్చుకొంటున్నాడు. బ్యాటు కొనిపెట్టే భారం నా మీద పడినది. దుకాణంలో వాని కన్ను వెంటనే ఒక పెద్ద ఆటగాని పేరున్న పెద్ద బ్యాటు మీదికి పోయినది. దుకాణదారు నన్ను చూచి, “ఎదిగే పిల్లగాడు గద సారూ…” అని మొదలుపెట్టినాడు. ముప్పై ఏండ్లయినా ఆ మాట మారలేదు! నేను నవ్వి, చిన్న కొలతలవి నాలుగు తీయించి బల్లమీద వరుసగా పెట్టించినాను. “ఒంటిచేత్తో లేపి చూడు” అన్నాను. మొదటిది లేపి దించినాడు. రెండవది ముందుకు తూలినది. మూడవది ఐదవ నంబరు కాశ్మీరు బ్యాటు. దాని మీద ఎవరి పేరూ లేదు. దానిని లేపి, తిప్పి, ఎదురుగా బంతి వస్తున్నట్లు ఒకసారి మణికట్టు మళ్లించి, “చిన్నాయనా, ఇది అల్కగున్నది” అన్నాడు. పిడి కొస వాని తొడ పైభాగానికి సరిగ్గా అందినది. పెద్ద బ్యాటు ధరలో సగం కూడ కాలేదు. మిగిలిన డబ్బుతో ఒక చెక్కసుత్తి, చిన్న సీసా అవిసె నూనె కొన్నాము.

ఆ సాయంకాలమే నూనె పూయడం జరిగినది. మరునాటి నుండి వాకిట టకటకలు మొదలైనవి. వార్తల వేళకు కూడ వాడు సుత్తి ఆపడంలేదని మా వదినగారు టెలిఫోనులో నా మీదనే ఫిర్యాదు చేసినారు.